సుగ్గికి (సీజన్ కూలీ పనులకు వలస) పోయినవాళ్లను ఏ ఊరి లెక్కలో రాస్తారు?

జనగణన అనగానే మన దగ్గర చర్చంతా లోక్‌సభ సీట్లు, కేంద్ర పన్నుల్లో వాటా చుట్టూనే తిరుగుతోంది. వాటా తగ్గిన మాట నిజమే. రాష్ట్రాలకు పంచే కేంద్ర పన్నుల్లో 14వ ఆర్థిక సంఘం ఆంధ్రప్రదేశ్‌కు 4.305 శాతం, తెలంగాణకు 2.437 శాతం ఇస్తే, 15వ సంఘం (2021-26) వాటిని 4.047, 2.102కు దించింది. 1971 జనాభాను పక్కనపెట్టి 2011 లెక్కలు తీసుకోవడం ఒక కారణం. అదొక్కటే కాదు. ఆ సూత్రంలో జనాభాకు వెయిటేజీ 15 శాతం. తలసరి ఆదాయంలో వెనుకబాటుకు 45 శాతం.

ఢిల్లీ పంపకం మీద ఇంత గొంతు చించుకునేవాళ్లు ఊరి పంపకం ఊసెత్తరు. పంచాయతీకి వచ్చే ఆర్థిక సంఘం నిధుల్లో సింహభాగం తలల లెక్కనే వస్తుంది. ఆరోగ్య ఉపకేంద్రం మైదానంలో 5,000 మందికి, గిరిజన ప్రాంతంలో 3,000 మందికి ఒకటి. గ్రామ సడక్ యోజన నాలుగో దశలో ఐదో షెడ్యూల్ (గిరిజన) ప్రాంతపు ఆవాసానికి రోడ్డు రావాలంటే, నక్సల్ ప్రభావిత జిల్లా అయితే తప్ప, 2011 లెక్కల్లో కనీసం 250 మంది ఉండాలి. మిగతా చోట్ల 240 మందే ఉన్న గూడేనికి ఆ పథకంలో రోడ్డు రాదు, డోలీ మోత తప్పదు. రేషన్‌దీ అదే కథ: ఆహార భద్రత చట్టం కింద దేశం మొత్తానికి 81.35 కోట్ల మంది అన్న పరిమితి 2011 జనాభా మీద కట్టిందే.

ఇక ఫిబ్రవరి సంగతి. 2027 జనగణనలో మనుషుల లెక్కింపు ఆ నెలలోనే. మన రాష్ట్రాలకు మార్చి 1 ప్రామాణిక తేదీ. సరిగ్గా అప్పుడే కర్నూలు జిల్లా పడమటి మండలాలు, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు, సగం ఖాళీ అవుతాయి. పిల్లాజెల్లాతో, వంట సామాన్లతో మినీ లారీలెక్కి గుంటూరు, పల్నాడు మిర్చి కోతలకు సుగ్గికి పోతారు. ఇళ్లకు తాళాలు. 2011లో పాటించిన నియమం ప్రకారం లెక్కింపు రోజులన్నీ ఊళ్లో లేనివాళ్లను అక్కడ రాయరు, ఎక్కడ దొరికితే అక్కడే రాస్తారు. మిర్చి చేను గట్టున పట్టా గుడారంలో ఉన్న కుటుంబం దగ్గరికి ఎన్యూమరేటర్ వెళ్లాడా లేదా అన్నది ఒక ప్రశ్న. వెళ్లినా ఆ తలలు చేరేది పల్నాడు పంచాయతీ ఖాతాలో. ఏడాదిలో ఎక్కువ నెలలు వాళ్లు నీళ్లు తాగేది, పిల్లల్ని బడికి పంపేది మాత్రం కోసిగిలో. కరువు వల్ల వలస, వలస వల్ల తక్కువ నిధులు!

లెక్కించే పద్ధతిని ఇప్పుడు మార్చమంటే కుదరదు, అక్కర్లేదు కూడా. వాడే పద్ధతి మార్చొచ్చు. ఎవరు సుగ్గికి పోయారో ఊరి హెడ్మాస్టరుకు తెలుసు. ఆ పిల్లల కోసమే సీజనల్ హాస్టళ్లు నడుస్తున్నాయి. ఆ జాబితాలు తెప్పించుకుని, పంచాయతీల మధ్య నిధులు పంచేటప్పుడు సొంతూరి జనాభాకు కలపమని రాష్ట్ర ఆర్థిక సంఘం సిఫార్సు చేయొచ్చు. ఈలోగా కలెక్టర్లు చేయాల్సింది ఒకటుంది: గుంటూరు, పల్నాడులో మిర్చి కూలీల గుడారాలు ఎక్కడెక్కడ వెలుస్తాయో జనవరిలోనే గుర్తించి, వాటిని ఎన్యూమరేటర్ల బ్లాకుల్లో చేర్చడం.