తలెత్తి చూసిన పాపం

బాత్‌రూమ్ పని అయిపోయిందని మేస్త్రి చేతులు కడుక్కుని వెళ్లిన సాయంత్రం, కొత్త షవరు కింద నిలబడి, రాజ్యం గెలిచినవాడిలా తల పైకెత్తాను. ఎత్తకుండా ఉండాల్సింది. సీలింగుకీ, గోడ పైన చుట్టూ తిరిగే కార్నిస్‌కీ మధ్య సన్నటి నల్లగీత కనబడింది. కంట్లో షాంపూ నురగేమో అనుకుని కడుక్కుని చూశాను. గీత అక్కడే ఉంది. పైగా అందులోంచి ఒక చీమ తల బయటపెట్టి, నన్ను ఆ అవతారంలో చూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

మేస్త్రికి ఫోన్ చేశాను. "పగులు కాదు సార్ అది, సందు" అన్నాడు, పేరు మారిస్తే పనైపోయినట్టు. పాత టైల్స్ ఊడగొట్టడానికి మూడు రోజులు సుత్తితో బాదారు కదా, ఆ అదురుకి కార్నిస్ పట్టు వదిలిందట. దానికితోడు స్నానాల గదిలో ఆవిరి. తేమకి సీలింగు ఒకలా, కార్నిస్ ఒకలా కదులుతాయట. "పక్కపక్కనే ఉన్నా ఎవరి దారి వాళ్లదే సార్" అన్నాడు. కార్నిస్ గురించి చెబుతున్నాడా, అన్నదమ్ముల గురించి చెబుతున్నాడా అని అనుమానం వచ్చింది. వచ్చే వారం వస్తానన్నాడు. మేస్త్రీల వారానికి ఎన్ని రోజులో ఏ క్యాలెండర్లోనూ ఉండదు.

మా ఆవిడకి చూపించాను. "మీరు చెప్పేదాకా నాకు కనబడనే లేదు" అంది. మర్నాటి నుంచి ఆవిడకి ఆ బాత్‌రూమ్‌లో ఆ గీత తప్ప ఇంకేమీ కనబడలేదు.

రెండు మిల్లీమీటర్ల సందుకి మేస్త్రి దాకా ఎందుకని నేనే రంగంలోకి దిగాను. సింకు చుట్టూ పూయగా మిగిలిన సిలికాన్ ట్యూబు ఇంట్లోనే ఉంది. ఉన్నదాంతో కానిచ్చేయడం మా వంశానికి ఉన్న జబ్బు. నిచ్చెనెక్కి, గన్నులో ట్యూబు బిగించి నొక్కాను. ఈ గన్నుతో ఒక చిక్కుంది. మనం నొక్కడం ఆపినా అది కక్కడం ఆపదు. వెనకున్న చిన్న మీటని బొటనవేలితో నొక్కి ఒత్తిడి వదలాలి. ఆ రహస్యం నాకు తెలిసేలోపే సిలికాన్ తెల్లటి పాములా మోచేతి మీదుగా దిగి, కొత్త కుళాయి మీద చుట్ట చుట్టుకుని పడుకుంది. గదంతా ముక్కు పుటాలదిరే పుల్లటి వాసన.

సందు మాత్రం నిండింది. మర్నాడు పైన తెల్ల పెయింటు వేశాను. తామరాకు మీద నీటిబొట్టు అని చిన్నప్పుడు చదువుకున్నదే గానీ, అనుభవానికి రావడం అప్పుడే. బ్రష్షు ముందుకెళ్తుంటే వెనకాలే పెయింటు బొట్లు బొట్లుగా విడిపోయి, సిలికాన్‌ని ముట్టుకోనంటూ పక్కకి తప్పుకుంది. నాలుగు పూతలు వేశాను. నాలుగూ అంతే. దీనిమీద రంగు నిలవదని ట్యూబు మీదే రాసుందట. అది చదవాలంటే కళ్లజోడు కావాలి. నిచ్చెన మీద కళ్లజోడు పెట్టుకుంటే, నేనెంత ఎత్తులో ఉన్నానో కూడా కనబడుతుంది.

ఆ సిలికాన్ గీకడానికి ఒక ఆదివారం పోయింది. దాంతోపాటు పాత రంగు పెచ్చులుగా ఊడి, రెండు మిల్లీమీటర్ల సందు ఐదయింది.

ఇక పీఓపీ, అదే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడి. తొందరగా కలుస్తుందని వేడినీళ్లు పోశాను. కలవడమే కాదు, సగం పూసేలోపే గడ్డకట్టింది. ఆ గిన్నె కడగకుండానే రెండోసారి కలిపాను. అది నిచ్చెన రెండో మెట్టు దాటకముందే రాయైపోయింది. వేడినీళ్లు దాన్ని ఉరికిస్తాయనీ, గిన్నెకి అంటుకున్న పాత పలుకులు కూడా కొత్తదాన్ని తొందరపెడతాయనీ తర్వాత తెలిసింది. గిన్నె చేతిలో వెచ్చగా కాగుతోంది. మధ్యలో గరిటె జెండాకర్రలా నిలబడింది. మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి చూసింది.

"అది నా గరిటె" అంది. ఇంకేమీ అనలేదు. అంటే బాగుండేది.

మూడోసారి చల్లనీళ్లతో కలిపి పూస్తే, నున్నగా, నేను చేసిన పనేనా అన్నట్టు వచ్చింది. పది రోజులు తల ఎగరేసుకుని తిరిగాను. పదకొండో రోజు, వేణ్ణీళ్ల ఆవిరి చల్లారాక చూస్తే, వెంట్రుకంత గీత మళ్లీ అక్కడే.

"వచ్చే వారం" వచ్చింది. మేస్త్రి వచ్చాడు. తల పైకెత్తి చాలాసేపు చూశాడు.

"ఎవరు చేశారు సార్ ఇది?"

"తెలిసినవాడే, ఒకతను."

"మళ్లీ రానివ్వకండి."

వెనక నిలబడ్డ మా ఆవిడ గట్టిగా తలూపింది.

అతను ముందు అక్కడక్కడా మిగిలిన సిలికాన్ జిడ్డునీ, ఊడే పెచ్చుల్నీ గీకేశాడు. తడిగుడ్డతో దుమ్ము తుడిచి ఆరనిచ్చాడు. సందుకి పైనా కిందా మాస్కింగ్ టేపు వేశాడు. ట్యూబు మూతిని ఏటవాలుగా, సన్నంగా కోశాడు. ఈసారి అది రంగు పట్టే అక్రిలిక్ సీలెంటు. ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకే నడకలో నింపి, చూపుడువేలు నీళ్లలో ముంచి, ఆపకుండా లాగాడు. ఆ వేలు వెళ్లిన దారిలో గీత మాయమైపోయింది. తడి ఆరకముందే టేపు పీకేశాడు. గన్ను కింద పెట్టేముందు అతని బొటనవేలు ఆ చిన్న మీటని దానంతటదే నొక్కడం కూడా చూశాను. మొత్తం పని ఇరవై నిమిషాలు.

"ఇది ఆరినా సాగుతుంది సార్, అవి కదిలితే ఇదీ కదులుతుంది. రేపటిదాకా రంగు ముట్టుకోకండి" అన్నాడు. అని, నా వేళ్ల వంక చూసి, బ్రష్షు మా ఆవిడ చేతికిచ్చాడు.

రంగు ఆరిన రోజు షవరు కింద నిలబడి, ధైర్యం చేసి తలెత్తాను. గీత లేదు. హమ్మయ్య అని తల దించాను. గీజరు స్విచ్చుబోర్డులోంచి చీమలు బారులు తీరి దిగుతున్నాయి. ముందున్న చీమని నేను గుర్తుపట్టాను. అదీ నన్ను గుర్తుపట్టినట్టే ఉంది.