చదవడం రాని పిల్లలు మా సిటీలో లేరు

చదవడం సరిగ్గా రాని తొమ్మిదో తరగతి పిల్లలు హైదరాబాద్‌లో లేరు. 2005లో మొదలైన అసర్ సర్వేవాళ్లు ఇంటింటికీ తిరిగి, రెండో తరగతి స్థాయి కథ చేతికిచ్చి పిల్లల చేత చదివిస్తారు. తిరిగేది పల్లెల్లోనే. సిటీలో అడిగే నాథుడే లేడు కాబట్టి, ఇక్కడ అందరికీ చదువు వచ్చేసినట్టే లెక్క.

మరి సాయంత్రాలు బోరబండలో నేను చదువు చెప్పే గదికి వచ్చే పధ్నాలుగేళ్ల కుర్రాడెవరో నాకు అర్థం కాదు. ఏదో పల్లె నుంచి దారి తప్పి వచ్చుంటాడు.

వాడి తెలివి చూస్తే ముచ్చటేస్తుంది. క్లాసులో చదివే వంతు తనదాకా వచ్చేసరికి ఠంచనుగా దగ్గొస్తుంది. లేదంటే నీళ్ల బాటిల్ కింద పడుతుంది. పక్కవాడు ఒకసారి చదివితే చాలు, పేరా మొత్తం అప్పజెప్పేస్తాడు, తన పుస్తకం వేరే పేజీ దగ్గర తెరిచి ఉన్నా సరే. ఇంత జ్ఞాపకశక్తి ఉన్నవాణ్ణి అందరూ మొద్దు అంటారు. రెండో తరగతిలో గుణింతాల దగ్గర తడబడినప్పుడు అక్కడే ఆగితే సిలబస్ వెనకబడుతుంది. సిలబస్ వెనకబడితే మెమో వస్తుంది. పిల్లవాడు వెనకబడితే ఎవరికీ మెమో రాదు.

ఆత్మవిశ్వాసం పెంచే శాఖ బంధువులది. పెళ్లి భోజనాల దగ్గర, పప్పు వడ్డించే టైమ్‌కి, "మా యూకేజీ వాడు పేపర్ గడగడా చదివేస్తాడు, నీకేమైందిరా?" అని పదిమందిలో అడుగుతారు. తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే అభ్యసన వైకల్యాన్ని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది గానీ మన బాబాయిలు ఇంకా గుర్తించలేదు. వాళ్లకు తెలిసిన జబ్బు ఒక్కటే, ఫోన్.

ఇంత చక్కని ఏర్పాటులో నేను వేలు పెట్టాను. వాడికి రెండో తరగతి కథల పుస్తకం ఇచ్చాను. చెవులు ఎర్రబడ్డాయి. దాన్ని ఫిజిక్స్ గైడు మధ్యలో దాచుకుని చూస్తూ కూర్చున్నాడు. (మేమైతే ఆ వయసులో గైడులో సినిమా పత్రిక దాచేవాళ్లం. వీడు చీమ కథ దాచాడు.) చివరికి, "ఇది నీకు కాదురా, మీ చెల్లికి చదివి వినిపించాలి" అన్నాను. పుస్తకం గైడులోంచి బయటికొచ్చింది.

అప్పట్నుంచి ఒకటే పేజీ ముందు నేను చదువుతాను, తర్వాత ఇద్దరం కలిసి, ఆ తర్వాత వాడొక్కడే. తప్పు చదివితే వెంటనే అందుకోను, వాక్యం అయ్యేదాకా నోరు మూసుకుంటాను. మాస్టారు పని చేసేవాడికి ఇంతకన్నా కష్టం లేదు. చాలాసార్లు వాడే వెనక్కెళ్లి సరిచేసుకుంటాడు. వాడికి అసలు గండం వత్తులు. 'రాష్ట్రం' అన్న మాట దగ్గర మూడు రోజులు ఆగిపోయాడు. ష, దానికి ట వత్తు, దానికి మళ్లీ ర వత్తు. "సార్, ఇన్ని ఫ్లోర్లకి పర్మిషన్ ఉందా?" అన్నాడు.

పోయిన వారం బస్టాప్ దగ్గర ఒక లీడర్ గారి బర్త్‌డే ఫ్లెక్సీ ముందు ఆగిపోయాడు. పెదాలు కదుపుతూ, వేలు గాల్లో ఆడిస్తూ మొత్తం చదివాడు. "సార్! శుభాకంక్షలు అని రాశారు. క కి దీర్ఘం ఏదీ?" ఫ్లెక్సీలో ఆయన పక్కన దండం పెట్టిన తమ్ముళ్లు నలుగురూ దాని కిందే నిలబడి టీ తాగుతున్నారు.

"మనసులో చదువుకోరా" అని వాణ్ణి అవతలికి లాక్కెళ్లాను.