అంబాసిడరుకు సమాచార హక్కు వర్తింపజేయాలి

సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది గానీ, అది నేటికీ అంబాసిడరు కారు బానెట్ కిందికి చేరలేదు. విజయనగరంలో పాతకార్లు పోషించే పెద్దమనుషుల గుండెల్లో రగులుతున్న అన్యాయం ఇదే. 1958 నుంచి 2014 దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైన ఈ బండి, పుట్టుక చేత మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ వంశానిదైనా, పెంపకం చేత అచ్చమైన ప్రభుత్వోద్యోగి. దశాబ్దాల పాటు మంత్రులను, కలెక్టర్లను మోసీ మోసీ వారి అలవాట్లే దానికీ పట్టుబడ్డాయి. వేగం చెబుతుంది, పెట్రోలు ఎంతుందో ఉజ్జాయింపుగా చెబుతుంది, మోడలును బట్టి దయ కలిగితే మరొక ముక్క చెబుతుంది. మిగిలిన వ్యవహారాల మీద ఎంత అడిగినా నోరు విప్పదు. ఆయిల్ ప్రెజర్ వంటి ప్రాణాధారమైన సంగతిని ఒక చిన్న ఎర్రదీపానికి అప్పగించి చేతులు దులుపుకున్నారు. ప్రెజర్ దాదాపు పూర్తిగా పడిపోయేదాకా ఆ దీపం వెలగదు కనుక, దాని పని విచారణ సంఘం పని వంటిదే. 2017 మే 1 నుంచి కార్ల నెత్తిమీది ఎర్రబుగ్గలు పోయాయి. లోపలి ఎర్రదీపం మాత్రం పదవిలోనే ఉంది.

ఈ గోప్యతను భరించలేని యజమానులు డ్యాష్‌బోర్డుకు అదనపు మీటర్లు బిగించే ఉద్యమానికి పూనుకున్నారు. ఉద్యమం 52 మిల్లీమీటర్ల రంధ్రంతో మొదలవుతుంది, ఎందుకంటే బజారులో దొరికే మీటర్లలో ఎక్కువ భాగం ఆ కొలతకే తయారవుతాయి. ఇదే పెద్దమనిషి, తలుపు పిడి కంపెనీదే కావాలని కోల్‌కతా దాకా కబురుపెట్టినవాడు, సీటు గుడ్డ రంగులో వెంట్రుకవాసి తేడా వచ్చినందుకు దర్జీతో మాటలు మానేసినవాడు. ఆయనే యాభై ఏళ్ల నాటి రేకు డ్యాష్‌బోర్డు మీద గుండ్రంగా రంధ్రం కోసే హోల్ సా పెట్టి, చెవులు చిల్లులు పడే చప్పుడు మధ్య మూడు రంధ్రాలు కోయించి, రాలిన రజను కర్చీఫుతో భక్తిగా తుడుస్తాడు. చట్టం ఏమంటుందోనని ఎవరైనా అడిగితే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని 20,000 రూపాయలు కట్టి, నంబరులో వీఏ అక్షరాలతో వింటేజి వాహనంగా రిజిస్టరు చేయించుకోవచ్చు. ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చకూడదన్నారే తప్ప డ్యాష్‌బోర్డు మాట ఎత్తలేదు. ఏలినవారి మౌనాన్ని అర్ధాంగీకారంగా తీసుకోవడం మన పాలనా సంప్రదాయంలో కొత్తేమీ కాదు. రంధ్రం కోయడానికి మనసొప్పని పిరికివారు డ్యాష్‌బోర్డు కింద రేకు పట్టీ వేలాడదీసి మీటర్లు దానికి బిగిస్తారు. ఆ పట్టీ అంచు ఎక్కడుందో పక్కసీట్లో కూర్చున్న బావమరిది మోకాలిచిప్పకు తెలుసు.

రంధ్రం కోసినంత మాత్రాన సమాచారం రాదు. ఇంజన్ దగ్గర వార్త పోగుచేసే సెండర్ అనే కింది ఉద్యోగి ఒకడున్నాడు. వాడి త్రెడ్డు, అంటే మర, అంగుళానికి 27 చుట్లు, వాడు కూర్చోవలసిన ఇంజన్ బ్లాకులోని త్రెడ్డు 28 చుట్లు అయిన చోట, రెండు చుట్లు పెళ్లికొడుకులా లోపలికి వెళ్లి మూడో చుట్టులో మొరాయిస్తాడు. ఇక్కడ రెంచితో బలం చూపినవారికి బ్లాకు మరమ్మతు కూడా ప్రాప్తిస్తుంది. సరైన త్రెడ్డే దొరికిందనుకుందాం. ఆయిల్ కారకూడదని మెకానిక్ దానికి తెల్లని టెఫ్లాన్ టేపు నాలుగు వరసలు శ్రద్ధగా చుడతాడు. ఒక తీగ మాత్రమే ఉండే సెండరుకు ఎర్త్ ఆ త్రెడ్డు గుండానే అందాలి కనుక, అంత టేపు అడ్డుపడితే ముల్లు కదలకపోవచ్చు, కదిలినా నోటికొచ్చిన అంకె చెప్పవచ్చు. చుక్క కారదు, ఉన్నమాట రాదు. అనేక కార్యాలయాలు ఇంతకన్నా మెరుగ్గా ఏమీ నడవడం లేదు.

ఆంపియర్ మీటరా, వోల్టు మీటరా అన్న తగవు మీద ఎక్కువ సిరా ఒలికించను. ఆంపియర్ మీటరు పెడితే ఛార్జింగ్ కరెంటు మొత్తం లావుపాటి తీగలో మోకాళ్ల దాకా వచ్చి తిరిగి వెళ్లాలి, అక్కడ ఒక నట్టు వదులైతే కాళ్లకు వెచ్చగా ఉంటుంది. వోల్టు మీటరు సన్నని తీగతో సరిపెట్టుకుని, బండి ఆగి ఉన్నప్పుడు 12.6, నడుస్తున్నప్పుడు 14కు అటూ ఇటూ చూపుతుంది. అందులో పౌరుషం లేదు కనుక పెద్దలకు అది నచ్చదు.

అసలు కథ టెంపరేచర్ మీటరుది. ఇంజన్ నీటిని సాధారణంగా 82 డిగ్రీల దగ్గర తెరుచుకునే థర్మోస్టాట్ అనే కవాటం అదుపులో ఉంచుతుంది. అది లేకపోతే చలిపూట నీరు సరిగా వేడెక్కదు. ‘మన ఎండలకు ఇదెందుకు’ అని దాన్ని ఏ మెకానిక్కో ఏనాడో పీకి పారేసి ఉంటాడు. కొత్త మీటరు బిగించాక, పుష్యమాసపు ఉదయం మూడు లాంతర్ల నుంచి కంటోన్మెంటు దాకా వెళ్లి వచ్చినా ముల్లు యాభై దాటకపోయేసరికి యజమాని మీటరు దొంగదని తేల్చి, రెండోది తెప్పించి, అదీ యాభై దగ్గరే ఆగేసరికి, రెండింటినీ పక్కపక్కన బిగించి సగటు తీసుకుంటాడు. ఇంజన్ వేడెక్కాక ఆయిల్ పలచబడి, సిగ్నల్ దగ్గర ఐడిలింగ్‌లో ప్రెజర్ కొంత తగ్గడం సహజమే. కానీ మయూరి జంక్షన్‌లో ఎర్రలైటు పడినంతసేపూ ఆయన ఆ ప్రెజర్ మీటరు ముల్లుతో పాటే కిందికి జారిపోతూ, పచ్చలైటు పడినా కదలక, వెనుక ఆటోవాళ్ల చేత నానా మాటలు పడతాడు. చివరికి మెకానిక్ వచ్చి, గాజు మీద వేలితో రెండుసార్లు కొట్టి, ‘మీటరు బాగానే ఉంది బాబూ, బండే తేడాగా సూపిస్తంది’ అంటాడు. ఈ రంగంలో ఇంతకు మించిన సాంకేతిక నివేదిక ఇంకా వెలువడలేదు.

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కే లారీ డ్రైవర్లు ఈ ఉద్యమంలో చేరకపోవడం విచారకరం. వారు ఇంజన్ గొంతు మారితే గేరు తగ్గిస్తారు, వాసన తేడా వస్తే బండి పక్కకు తీసి రాయి పెడతారు, రేడియేటర్ మూత జోలికి పోకుండా టీ తాగి వస్తారు. ఇంత ముఖ్యమైన నిర్ణయాలు ఒక్క అంకె కూడా లేకుండా జరిగిపోతుంటే పారదర్శకత ఎలా సాధ్యం? మన యజమాని అదే ఘాట్‌లో ముల్లు 90 దాటింది, 95 దాటింది అని పక్కనున్నవారికి ప్రకటిస్తూనే ఉంటాడు గానీ, యాక్సిలరేటర్ మీది కాలు తీయడు. అడిగిన సమాచారం అందుతున్నప్పుడు మధ్యలో అడ్డుపడడం మర్యాద కాదు.

కాబట్టి ప్రభుత్వానికి నా మనవి ఒక్కటే. ప్రతి పాతకారులోనూ మీటర్లను సమాచార అధికారులుగా గుర్తించాలి. చట్టంలో ఉన్న 30 రోజుల గడువును మాత్రం కుదించాలి, ఆయిల్ అందని బేరింగు అన్నాళ్లు ఆగదు. ముల్లు జవాబుతో తృప్తి పడని అర్జీదారు కోసం వెనుక సీట్లో ఒక సాలూరు డ్రైవరును మొదటి అప్పీలు అధికారిగా నియమించాలి. ఆయన ‘ఆపు’ అని ఉత్తర్వు జారీ చేసిన తరువాత బండి ఆపి తీరాలి. ఆపేలోగా ముల్లు ఎంత దాకా వెళ్లిందో ఫోటో తీసుకోవడానికి అర్జీదారును అనుమతించవచ్చు.