నారింజకు రేషన్ లేదు, వంతు మాత్రం ఉంది

రెండో ప్రపంచ యుద్ధం మీద ఓ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. "బ్రిటన్‌లో నారింజకు కూడా రేషన్ పెట్టారు, మనిషికి వారానికి ఒక్కటే. జర్మన్ జలాంతర్గాములు ఓడల్ని ముంచేయడమే కారణం. పండ్లు లేక పిల్లలు స్కర్వీ (విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బు) పాలయ్యారు." ఇదీ దాని సారాంశం.

ముందు ఆ రేషన్ సంగతి. బేకన్, వెన్న, చక్కెర 1940 జనవరి 8న రేషన్‌లోకి వచ్చాయి. తాజా నారింజ ఆ జాబితాలోకి ఎక్కనే లేదు. ఎందుకంటే రేషన్ అన్నాక సర్కారు మాట ఇచ్చినట్టే. మన చౌకధరల దుకాణంలో బియ్యం కోటాలాగా పుస్తకం ఉన్నవాళ్లకు సరుకు అందాల్సిందే. ఏ ఓడ ఎప్పుడొస్తుందో తెలియని పండుకు ఆ మాట ఎవరిస్తారు? లార్డ్ ఊల్టన్ నడిపిన ఆహార శాఖ అందుకే వేరే దారి పట్టింది. సరుకు దిగినప్పుడల్లా ప్రాంతాలవారీగా పంచేది, ధరకు పరిమితి పెట్టేది, ముందు పిల్లలకే అమ్మమనేది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, అయిదేళ్లలోపు పిల్లలవి ఆకుపచ్చ పుస్తకాలు. కాస్త పెద్ద పిల్లలవి నీలం. గోధుమరంగు పుస్తకం పట్టుకున్న పెద్దలకు మిగిలితేనే. ఒకే బిడ్డ పేరుమీద రెండుసార్లు కొనకుండా దుకాణదారు పుస్తకంలో గుర్తు పెట్టేవాడు. రేషన్ పుస్తకం చూపించి కొన్నారు కాబట్టి "నారింజ రేషన్" అనే మాట జ్ఞాపకాల్లో స్థిరపడి ఉంటుంది. అంతవరకు అర్థం చేసుకోవచ్చు. వారానికి ఒకటి చొప్పున ఖాయంగా దొరికి ఉంటే మాత్రం ఆ తల్లులు ఎగిరి గంతేసేవాళ్లు.

ఇక జలాంతర్గాములు. అవి ఓడల్ని ముంచిన మాట నిజమే. కానీ కారణం అవొక్కటే కాదు. 1940 జూన్‌లో ఇటలీ జర్మనీ పక్షాన యుద్ధంలోకి దిగింది. సిసిలీ నిమ్మకాయలు శత్రుదేశపు సరుకైపోయాయి. పాలస్తీనా నుంచి జాఫా నారింజలొచ్చే మధ్యధరా దారి ప్రమాదంలో పడి, ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరగాల్సి వచ్చింది. అరటిపండు సంగతి ఇంకా స్పష్టం. 1940 నవంబరులో దాని దిగుమతిని బ్రిటన్ ప్రభుత్వమే ఆపేసింది. ఓడల్లోని చల్లటి గదులు మాంసానికి కావాలి మరి. ఓడలు మునిగినందుకే జాగా కరువైంది కదా అంటారా? కొంతవరకు అంతే. అయితే ఉన్న జాగా దేనికివ్వాలో తేల్చింది టార్పెడో కాదు, లండన్‌లోని అధికారులు.

మిగిలింది స్కర్వీ. బ్రిటన్ పిల్లల్లో అది ప్రబలిన దాఖలా లేదు. 1941 డిసెంబరులో రెండేళ్లలోపు పిల్లలకు బ్లాక్‌కరంట్ అనే నల్లటి చిన్న పండ్ల రసం, కాడ్ లివర్ ఆయిల్ (కాడ్ చేప కాలేయపు నూనె) ఇవ్వడం మొదలుపెట్టారు. తర్వాత అమెరికా నుంచి లెండ్-లీజ్ అనే యుద్ధ సాయం కింద చిక్కటి నారింజ రసం వచ్చింది. పండంత చోటు అక్కర్లేదు, కుళ్లదు. కంచెల్లో కాసే, విటమిన్ సి ఉన్న అడవి గులాబీ కాయల్ని పిల్లలూ మహిళా సంఘాలూ కోసుకొస్తే వాటితో సిరప్ చేశారు.

యుద్ధకాలంలోనే షెఫీల్డ్‌లో కొందరు స్వచ్ఛంద సేవకుల మీద పరీక్షలు మొదలయ్యాయి. స్కర్వీ రాకుండా ఉండటానికి రోజుకు 10 మిల్లీగ్రాముల విటమిన్ సి చాలని వాటిలో తేలింది. అంతమాత్రం బంగాళాదుంప, క్యాబేజీల్లోనే దొరికేది. యుద్ధం నడిచినన్నాళ్లూ వాటికి రేషన్ లేదు. బంగాళాదుంపకు పరిమితి పెట్టింది యుద్ధం ముగిశాక, 1947లో.