వారంటీ కాదనే ముందు ఆ డేటా చూపించండి

దేవరకొండ నుంచి చందంపేట, నేరేడుగొమ్ము వైపు వెళ్తే ఊరి దాకా తారు రోడ్డు ఉంటుంది. చెలక దాకా ఉండదు. బత్తాయి తోటకో, బోరు దగ్గరికో పోవాలంటే బండ్లబాటే దిక్కు. నాగర్‌కర్నూల్ జిల్లాలో దుందుభి పొంగిందంటే లోలెవల్ వంతెనల మీద నీళ్లు తగ్గేదాకా ఆగి, ఆ తర్వాత బురదలోంచి బండి తీయాలి. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర జరిగే రోజుల్లో నల్లమల అడవి బాటలో మామూలు కార్లు, ఆటోలు కూడా రాళ్ల మీద కుదుపులు పడుతూ పోతాయి. దక్షిణ తెలంగాణలో బండి తారు దిగేది సరదాకు తక్కువ, పనికి ఎక్కువ.

ఇలాంటి చోట బండి కొన్నవాళ్లు ఒకసారి వారంటీ పుస్తకం తీసి చూడాలి. కంపెనీ ఏదైనా మాటలు దాదాపు ఒకటే: పోటీల్లో, ర్యాలీల్లో వాడితే వారంటీ లేదు, పరిమితికి మించి బరువు వేస్తే లేదు, దుర్వినియోగం చేస్తే లేదు. పోటీల సంగతి, బరువు సంగతి ఎవరూ కాదనరు. గొడవంతా మూడో షరతుతోనే. ఎక్కడిదాకా వాడకం, ఎక్కడి నుంచి దుర్వినియోగం అన్నది పుస్తకంలో ఉండదు. ఆ గీత ఎక్కడుందో క్లెయిమ్ వచ్చాక కంపెనీయే నిర్ణయిస్తుంది. ఇప్పుడు ఆ నిర్ణయానికి ఆధారం కూడా కంపెనీ చేతిలోనే ఉంటోంది, ఎందుకంటే బండి తన నడకంతా తానే రాసిపెట్టుకుంటోంది.

ఈ రాత మూడు చోట్ల జరుగుతుంది. ఇంజిన్‌ను నడిపించే కంట్రోల్ యూనిట్‌లో లోపం వచ్చినప్పుడు ఒక కోడ్ పడుతుంది. దానితోపాటు ఆ క్షణంలో ఇంజిన్ ఎంత వేగంతో తిరుగుతోంది, కూలెంట్ ఎంత వేడిగా ఉంది, బండి ఎంత స్పీడులో ఉంది అనేవి నమోదవుతాయి. సర్వీస్ సెంటర్‌లో స్టీరింగ్ కింద స్కానర్ పెట్టి చదివేది ఇదే. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ యూనిట్ ప్రమాదానికి ముందు కొద్ది సెకన్ల వేగం, బ్రేకు వివరాలను దాచుకుంటుంది. ఈ రెండూ బండిలోనే ఉంటాయి కాబట్టి బండి మన ఇంటి ముందు ఉన్నంతవరకు అవీ మన దగ్గరే ఉన్నట్టు. మూడోది అలా కాదు. సుజుకి కనెక్ట్, బ్లూలింక్, అడ్రినాక్స్ లాంటి పేర్లతో వచ్చే కనెక్టెడ్ సదుపాయం బండిలోని సిమ్ ద్వారా లొకేషన్, వేగం, వాడకం వివరాలను సర్వర్‌కు పంపుతుంది. ఎలక్ట్రిక్ స్కూటర్లలో ఇది మామూలైపోయింది, ట్రాక్టర్లలోకి కూడా వచ్చింది. బండి దొంగతనం జరిగితే, నడిరోడ్డులో ఆగిపోతే ఇది పనికొస్తుంది. కానీ ఆ సర్వర్‌లో ఏముందో యాప్‌లో మనకు కనిపించేది కొంతే.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఎనిమిదో నెలలో ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే ఇంజిన్ శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే భాగం నుంచి శబ్దం వచ్చింది. షోరూంలో రికార్డు తీసి, ‘‘నాలుగు చక్రాలకూ శక్తి అందే ఫోర్ బై ఫోర్‌లో ఎక్కువ దూరం నడిపారు, ఆఫ్‌రోడ్ గట్టిగా కొట్టారు, వారంటీ రాదు’’ అన్నారు. వినేవాళ్లకు ఇది గట్టి సాక్ష్యంలాగే అనిపిస్తుంది. కానీ మెకానిజం తెలిసినవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న వేరే ఉంది: ఆ దూరం ఏ నేల మీద నడిచింది?

థార్, జిమ్నీ లాంటి బండ్లలో ఉండేది పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్. ముందు, వెనక ఇరుసుల మధ్య తేడాను సర్దే సెంటర్ డిఫరెన్షియల్ ఉండదు. ఫోర్ బై ఫోర్ వేసినప్పుడు రెండు ఇరుసులకూ ఒకే వేగం అందుతుంది. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాలకన్నా ఎక్కువ దూరం తిరగాలి. పొడి తారు మీద టైర్లు జారవు కాబట్టి ఆ ఒత్తిడంతా ట్రాన్స్‌ఫర్ కేసు మీద, అక్కడి నుంచి ఇరుసులకు శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద పడుతుంది. మట్టిలో, ఇసుకలో టైరు కొంచెం జారి ఆ ఒత్తిడిని వదిలేస్తుంది. అంటే ఫోర్ బై ఫోర్ వేసుకుని చెలక బాటలో పోయిన రైతు కంపెనీ మాన్యువల్ చెప్పినట్టే వాడాడు. అదే గేరులో హైదరాబాద్–శ్రీశైలం హైవే మీద మలుపులు తిరిగినవాడు బండిని పాడుచేసుకున్నాడు. ‘‘ఫోర్ బై ఫోర్‌లో ఇన్ని కిలోమీటర్లు’’ అన్న ఒక్క అంకె వీళ్లిద్దరి మధ్య తేడా చెప్పదు. లొకేషన్ రికార్డు కూడా పక్కన పెడితేనే తేడా తేలుతుంది. ఆ రికార్డు రైతు పక్షాన నిలబడేదే, కానీ అది ఉన్నది కంపెనీ దగ్గర.

నా వాదనంతా ఇక్కడే ఉంది. డేటా నమోదు చేయడమే తప్పని నేను అనడం లేదు. వాగులో లోతు చూసుకోకుండా దింపి, ఎయిర్ ఇన్‌టేక్‌లోంచి సిలిండర్‌లోకి నీళ్లు పోయి, కనెక్టింగ్ రాడ్ వంగిపోతే అది తయారీ లోపం కాదు. ఆ ఖర్చు కంపెనీ భరించాలనడం అన్యాయం. మామూలు ఇన్సూరెన్స్‌లో కూడా ఇంజిన్ ప్రొటెక్షన్ అనే యాడ్ ఆన్ (అదనపు కవర్) తీసుకోకపోతే ఇలాంటి నష్టానికి సాధారణంగా పరిహారం రాదు, మన వాగుల దగ్గర ఉండేవాళ్లు అది తీసుకోవడం మంచిది. అనుమతి లేకుండా అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లోకి బండ్లు తోలేవాళ్ల తరఫున కూడా నేను మాట్లాడడం లేదు, అది నేరం. నేను అడిగేది ఒక్కటే. డేటా చూపించి క్లెయిమ్ కాదంటే, ఆ డేటా మొత్తం యజమానికి ఇవ్వాలి. ఆ వాడకం వల్లే ఆ పార్టు పోయిందని నిరూపించే బాధ్యత కంపెనీ తీసుకోవాలి. థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో నడుస్తుందని కంపెనీయే ప్రకటించింది. మోకాలు దాటే లోతు అది. ఆ సంఖ్య చూసి కొన్నవాడు అంతకన్నా తక్కువ నీళ్లలో దిగితే, ‘దిగాడు’ అన్న రికార్డు ఒక్కటే అతని మీద సాక్ష్యం కాకూడదు.

ఏకపక్ష డేటా ఎలా పనిచేస్తుందో మన దేశంలోనే చూశాం. 2022లో గువాహటిలో ఓలా స్కూటర్ ప్రమాదంలో ఒక యువకుడు గాయపడ్డాడు. స్కూటర్ లోపమే కారణమని అతని తండ్రి ఆరోపించారు. కంపెనీ ఆ స్కూటర్ ఆ రాత్రి ఎంత వేగంతో నడిచిందో చూపే డేటాను సోషల్ మీడియాలో బహిరంగంగా పెట్టి, అతివేగమే కారణమంది. తప్పు ఎవరిదన్నది నేను తేల్చబోవడం లేదు. ఒక కస్టమర్ రాత్రంతా ఎలా నడిపాడన్నది అతని అనుమతి లేకుండా దేశమంతా చూసింది. ఏ భాగం చూపాలో కంపెనీయే ఎంచుకుంది, అవతలి పక్షం దగ్గర ఎదురు చెప్పడానికి ఒక్క అంకె కూడా లేదు. అదే తీరు ఒక సర్వీస్ సెంటర్ కౌంటర్ మీద జరిగితే పేపర్లో కూడా రాదు.

డేటా కంపెనీ దగ్గరే ఆగుతుందన్న భరోసా కూడా లేదు. అమెరికాలో జనరల్ మోటార్స్ డ్రైవర్ల లొకేషన్, నడిపే తీరు వివరాలను సరైన అనుమతి లేకుండా సేకరించి అమ్మిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో చర్యకు దిగింది. ఆ వివరాలు డేటా సంస్థల ద్వారా ఇన్సూరెన్స్ కంపెనీలకు చేరి కొందరికి ప్రీమియం పెరిగింది. జర్మనీలో 2024 డిసెంబరులో ఫోక్స్‌వ్యాగన్ గ్రూపుకు చెందిన సుమారు 8 లక్షల ఎలక్ట్రిక్ కార్ల వివరాలు సరైన రక్షణ లేకుండా క్లౌడ్‌లో పడి ఉన్నట్టు బయటపడింది. మన దగ్గర బండి ఎంత దూరం తిరిగింది, ఎలా నడిపారు అన్నదాన్ని బట్టి ప్రీమియం లెక్కగట్టే యాడ్ ఆన్‌లకు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2022 జులైలోనే అనుమతి ఇచ్చింది. ఇక్కడ అది ఇష్టమైతే తీసుకునేదే. అయితే తోట బాటలో గతుకులు, ఆకస్మిక బ్రేకులు ఎక్కువ నమోదయ్యే మన జిల్లాల వాళ్లకు ఆ లెక్క ఎటు మొగ్గుతుందో ఆలోచించుకోవాలి.

లొకేషన్ సంగతి ఇంకా సున్నితం. ఊళ్లో ఎవరి బండి ఎవరింటి ముందు ఆగిందో నలుగురికీ తెలిసేదే కదా అంటారు. నలుగురికి తెలియడం వేరు, ఏడాది పొడవునా ఏ టైమ్‌కు ఏ ఆస్పత్రికి, ఏ ఫైనాన్స్ ఆఫీసుకు, ఏ నాయకుడి ఇంటికి వెళ్లామో తేదీలతో సహా ఒకచోట రాసి ఉండడం వేరు. సర్పంచ్ ఎన్నికలప్పుడు మన ఊళ్లు ఎలా ఉంటాయో తెలిసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

మరి దీనికంతటికీ మనం ఒప్పుకున్నామా? డెలివరీ రోజు గుర్తు తెచ్చుకోండి. బండికి పూలదండ, కొబ్బరికాయ, పెద్ద తాళంచెవి బొమ్మతో ఫొటో. ఆ సందడిలో షోరూం కుర్రాడు మన ఫోన్ తీసుకుని, యాప్ వేసి, ఇంగ్లిష్‌లో వచ్చిన పేజీలన్నిటికీ తానే ఒప్పుకుని ఫోన్ చేతిలో పెడతాడు. బండి నాన్న పేరు మీద ఉంటుంది, యాప్ కొడుకు ఫోన్‌లో ఉంటుంది, నడిపేది ఒకోసారి డ్రైవరు. వీళ్లలో ఎవరి అనుమతి తీసుకున్నట్టు? సెకండ్ హ్యాండ్‌లో అమ్మినప్పుడు మరో చిక్కు. పాత యజమాని ఫోన్ నుంచి బండిని తొలగించకపోతే కొత్త యజమాని ఎక్కడ తిరుగుతున్నాడో పాతవాడికి కనిపిస్తూనే ఉండొచ్చు. కొన్నవెంటనే షోరూంకు వెళ్లి ఆ లింకు తీసేయించుకోవాలి.

చట్టం లేకపోలేదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, ప్రధాన బాధ్యతలు కంపెనీల మీద 18 నెలల తర్వాత, అంటే 2027 మే నుంచి అమలవుతాయి. అప్పటినుంచి అనుమతి అడిగే నోటీసును తెలుగులో చదువుకునే వీలు ఇవ్వాలి, ఇచ్చిన అనుమతిని ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకోనివ్వాలి. షోరూం కుర్రాడు నొక్కిన బటన్ ఈ ప్రమాణానికి నిలవదు.

అయితే వారంటీ తగాదాలో ఈ చట్టం ఎంతవరకు ఆదుకుంటుందన్న దగ్గరే నాకు అసంతృప్తి. కంపెనీ మన గురించి ఏ డేటా వాడుతోందో అడిగితే అది ఇవ్వాల్సింది సారాంశం. ఎవరెవరికి ఇచ్చిందో కూడా చెప్పాలి. కానీ ట్రాన్స్‌ఫర్ కేసు పోయిన కేసులో సారాంశంతో ఏం చేస్తాం? ఏ తేదీన, ఏ నేల మీద, ఎంత వేగంతో అన్న పూర్తి రికార్డు కావాలి. పైగా ఇది బండి డేటా, మనిషి డేటా కాదని కంపెనీ వాదించే అవకాశం ఉంది. ఛాసిస్ నంబరు ఆర్‌సీలోని పేరుకు, యాప్‌లోని ఫోన్ నంబరుకు కలిసి ఉన్నప్పుడు ఆ వాదన నిలబడకూడదు. యూరప్ దీన్ని వేరుగా ఆలోచించింది. అక్కడి డేటా చట్టం 2025 సెప్టెంబరు 12 నుంచి అమల్లో ఉంది. కారు సహా కనెక్టెడ్ వస్తువులు పుట్టించే డేటాను వాడకందారు అడిగితే ఇవ్వాలన్నది దాని సారం. మనకు కావాల్సింది అలాంటి నిబంధనే.

అది వచ్చేదాకా ఉన్న దారి వినియోగదారుల కమిషన్. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో జిల్లా కమిషన్లు ఉన్నాయి. చెల్లించిన ధర 50 లక్షల రూపాయల దాకా ఉంటే కేసు అక్కడే వేయొచ్చు, 10 నుంచి 20 లక్షల బండికి ఫీజు 400 రూపాయలే. కారణం తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కమిషన్‌కు పత్రాలు, ఆధారాలు తెప్పించే అధికారం ఉంది, లోపాన్ని ల్యాబ్ పరీక్షకు పంపే అధికారమూ ఉంది. కాబట్టి ఫిర్యాదులోనే ‘‘కంపెనీ ఆధారపడిన డేటా మొత్తం సమర్పించేలా ఆదేశించండి’’ అని కోరాలి. వారంటీ షరతే అన్యాయమైన ఒప్పందమని సవాలు చేయాలంటే మాత్రం జిల్లాలో కుదరదు, హైదరాబాద్‌లోని రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. కొల్లాపూర్ రైతుకు అది భారమే. జిల్లాలోనే ఆ వీలు కల్పించడానికి చట్టం మార్చాలి.

కేసు దాకా పోకముందే సర్వీస్ సెంటర్‌లో చేయాల్సినది ఉంది. వారంటీ రాదని నోటిమాటగా చెబితే ఒప్పుకోవద్దు. ఏ పార్టు, ఏ షరతు కింద, ఏ తేదీ రికార్డు ఆధారంగా కాదంటున్నారో రాసి ఇమ్మనండి. ఆ రికార్డు ప్రింటు అడగండి, ఇవ్వకపోతే ఇవ్వలేదని ఈమెయిల్ పెట్టండి. పాత పార్టును వాళ్ల దగ్గర వదిలేయొద్దు, రేపు ల్యాబ్‌కు పంపాలంటే అదే కావాలి. డబ్బు కట్టి బాగు చేయించుకోక తప్పకపోతే, అభ్యంతరంతో కడుతున్నానని సర్వీస్ సెంటర్ జాబ్ కార్డు మీద మీ చేత్తో రాసి సంతకం పెట్టండి.