ఆపరేషన్ అమ్మకి, మాటలన్నీ కొడుకుతో

క్యాన్సర్ ఓపీలో తరచూ కనిపించేదే. డాక్టరు "కూర్చోండమ్మా" అని పేషెంట్‌ని పలకరించి, ఆ తర్వాత చెప్పేదంతా కొడుక్కో భర్తకో చెబుతారు. ఒక్కోసారి కొడుకే అమ్మ వెనక నిలబడి, ఆ పేరు ఎత్తొద్దని సైగ చేస్తాడు. ఇంటికెళ్లాక "చిన్న గడ్డే అమ్మా, తీసేస్తే అయిపోతుంది" అంటారు. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి గేటు దాటి లోపలికొచ్చిన మనిషికి, జుట్టు రాలిపోయి చుట్టూ కూర్చున్నవాళ్లను చూశాక కూడా విషయం తెలియదనుకుంటామా? తెలుస్తుంది, కానీ పిల్లలు బాధపడతారని అడగదు.

ఇది ప్రేమతో చేసే పనే, కాదనను. కానీ ఆపరేషన్ ముందు ఇలా దాచడం చాలా తప్పని నా అభిప్రాయం. రొమ్ము తీసేస్తారనో, దవడ ఎముక కొంత కోస్తారనో, స్వరపేటిక తీసేశాక మామూలు గొంతు ఉండదనో మత్తు దిగాక తెలుసుకోవాల్సి వస్తే ఆ మనిషి గతేంటి?

2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. అది క్యాన్సర్ కేసు కాదు. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన మహిళకు, బయట ఉన్న తల్లి సరేనందని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి కానప్పుడు, పెద్దవయసు పేషెంట్ తరఫున తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని కోర్టు చెప్పింది.

ఆరోగ్యశ్రీ వచ్చాక డబ్బు బెంగ చాలా ఇళ్లలో కొంత తగ్గింది. మిగతా భయాలు ఎక్కడికి పోతాయి? మత్తులోంచి లేస్తానా, ఆయన నన్ను ఇదివరకులా చూస్తాడా, కూతురి పెళ్లి ఏమవుతుంది... ఇవి నోటిదాకా వచ్చేలోపే మనం "ధైర్యంగా ఉండు" అనేస్తాం, ఇక ఆమె నోరు మూసుకుంటుంది.

ఈ భయాలు బయటికి రావడానికి పెద్ద ఖర్చేం అక్కర్లేదు. థర్మామీటర్ బొమ్మ మీద 0 నుంచి 10 దాకా అంకెలు వేసి, ఈ వారం మనసు ఎంత కలతగా ఉందో గుర్తు పెట్టమనే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే కూర్చోబెట్టి మాట్లాడాలి. నర్సుకు రెండు నిమిషాల పని. పేగు ఆపరేషన్‌లో పొట్ట మీద మలం చేరే సంచి పెట్టాల్సి వస్తే, ముందే పేషెంట్‌ని కూర్చోబెట్టి, నిలబెట్టి, వంగమని, చీర ముడి ఎక్కడ పడుతుందో చూసి పెన్నుతో గుర్తు పెట్టాలి, ఆ సంచిని చేతికిచ్చి చూపించాలి. చేత్తో పట్టుకుని చూశాక సగం టెన్షన్ అక్కడే దిగుతుంది.

అన్నీ తెలుసుకోవాలని అందరికీ ఉండదు, నిజమే. "వివరాలు మీకే చెప్పమంటారా, మీ అబ్బాయికి చెప్పమంటారా?" అని ముందు ఆమెనే అడగండి. కొడుకుకే చెప్పమంటే సరే, అది ఆమె ఇష్టం. అయినా ఏ భాగం తీస్తున్నారో మాత్రం ముందురోజే తెలుగులో ఆమెకు చదివి వినిపించి, అడగడానికి కాస్త టైమిచ్చి, ఆ తర్వాతే అనుమతి పత్రం మీద వేలిముద్ర తీసుకోవాలి. స్ట్రెచర్ మీద పడుకోబెట్టాక కాదు.