సవరణ: 'స్వీనీ టాడ్' సంగీతం డానీ ఎల్ఫ్‌మన్‌ది కాదు

టిమ్ బర్టన్ 2007లో తీసిన 'స్వీనీ టాడ్' సినిమా గురించి మొన్న రాసినప్పుడు, సంగీతం ఆయన సినిమాలకు తరచూ పనిచేసే సంగీత దర్శకుడు డానీ ఎల్ఫ్‌మన్‌దని రాశాను. తప్పు. బర్టన్ సినిమా అనగానే చెయ్యి అలవాటుగా ఆ పేరే రాసేసింది. పాటలు, సంగీతం రెండూ స్టీఫెన్ సోండ్‌హైమ్‌వి. 1979లో న్యూయార్క్ నాటక కేంద్రమైన బ్రాడ్‌వేలో ఆడిన ఆయన సంగీత నాటకమే ఈ సినిమాకు ఆధారం.

అందువల్ల 'ఈ కథ బర్టన్ ఊహలోంచే పుట్టింది' అన్న నా మాట కూడా నిలవదు. గొంతులు కోసే లండన్ మంగలి కథ 1840లలోనే అక్కడి చవక పత్రికల్లో సీరియల్‌గా వచ్చింది. బర్టన్ చేసిందల్లా దానికి తన రంగు పూయడం. రంగు అంటే, ఉన్న రంగులు తీసేయడమే అనుకోండి! పాలిపోయిన ముఖాలు, బూడిద రంగు వీధులు, వాటి మధ్య మరీ ఎర్రటి నెత్తురు. కళా దర్శకత్వానికి ఆస్కార్ వచ్చింది కూడా.

ఇంకొకటి. స్వీనీగా నటించిన జానీ డెప్‌కి వేరెవరో పాడారేమో అని అనుమానంగా రాశాను. పాడింది ఆయనే. ఆయనతో నటించిన హెలెనా బోన్హమ్ కార్టర్ కూడా తన పాటలు తనే పాడుకుంది. నాటకంలో బృందం పాడే పేరుపాటను మాత్రం సినిమాలో ఎవరూ పాడరు. ఆ లోటు నాకు ఇప్పటికీ లోటే. సినిమా బర్టన్ చేతికి సరిగ్గా సరిపోయిందన్న అభిప్రాయం మాత్రం మార్చుకోవడం లేదు.